అంబటాళ్ల అంటే ఎన్ని గంటలకు?

కట్టంగూర్ వైపు కవయిత్రి ఒకామె కొత్త పుస్తకం తెచ్చింది. అన్నీ మనం చూసిన ఎండలు, వానలు, వంటిళ్లే. మొన్న అది చదువుతూ నా బిడ్డ ఒక మాట దగ్గర ఆగింది.

"అమ్మా, అంబటాళ్ల అంటే ఎన్ని గంటలకు?"

పదిన్నరకు అన్నాను. అన్నాక, అది సరైన జవాబు కాదనిపించింది.

నా ఈడు వాళ్లకు గుర్తుందా? పొలంలో అందరూ అంబలి తాగే వేళ అది. జొన్న అంబలి కుండ నెత్తిన పెట్టుకుని, కొంగున ఉల్లిగడ్డలు ముడేసుకుని మా అవ్వ గట్టు మీద కనబడితేనే మాకు అంబటాళ్ల.

ఒకరోజు అవ్వ ఎంతకీ రాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆకలికి ఆగలేక, "బాపూ, ఇంకా అంబటాళ్ల కాలేదా?" అని అడిగాను.

బాపు పొద్దు వంక చూడలేదు. అవ్వ వచ్చే దారి వంక చూశాడు.

"అవ్వ రాలే గద బిడ్డా. గప్పుడే యాడి అంబటాళ్ల?"

ఇదంతా నా బిడ్డకు చెప్పాను. "మరి ఇప్పుడెప్పుడైతదమ్మా?" అంది.

అవ్వ పోయి చాన్నాళ్లయింది. రోజూ పదిన్నర అవుతూనే ఉంది. అంబటాళ్లే కావడం లేదు.