క్రిస్మస్ కార్డులకు విమానయోగం

మా మేనత్త పెళ్లి చేసుకోలేదు. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, పద్మారావు నగర్‌లో మా ఇంటి పై వాటాలో ఉంటోంది. ఆవిడ దగ్గర చదువుకున్న అమ్మాయిలు ఇప్పుడు ఐర్లండ్‌లో, ఆస్ట్రేలియాలో, మస్కట్‌లో నడివయసు నర్సులు. ఆవిడకే ఇంజక్షన్ చెయ్యడం నేర్పిన మేట్రనమ్మ స్కాట్లండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉండేది. వీళ్లందరికీ అత్త ఏటా క్రిస్మస్‌కు కార్డు పంపుతుంది. కొన్న కార్డు మీద సంతకం గీకేసి పంపడం కాదు. వానలు వెనక్కి తగ్గగానే క్రోషియా సూది పట్టుకుని తెల్ల నూలుతో నక్షత్రాలు అల్లుతుంది. ఒక్కో కార్డులో ఒక్కో నక్షత్రం.

"వాట్సాప్‌లో ఓ బొమ్మ పెడితే సరిపోదా అత్తా?" అని ఒకసారి అన్నాను.

"నీ పెళ్లికీ బొమ్మే పంపాల్సింది. అంత దూరం వచ్చి తప్పు చేశాను" అంది. ఆ సంగతి నేను మళ్లీ ఎత్తలేదు.

మొన్నటిది కాక, ముందు క్రిస్మస్ సంగతి ఇది. డిసెంబరు మొదట్లో కార్డుల సంచీతో ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్లాం. కౌంటర్లో ఉన్నావిడ మొదటి కవరు తూకం మీద పెట్టి, వేలితో నొక్కి చూసింది.

"లోపట ఏందమ్మా, మెత్తగ తగుల్తుంది?"

"నక్షత్రం."

"ఏందీ?"

"నూలుతో అల్లింది. క్రిస్మస్ కదమ్మా."

"అయితే గిప్పుడు కొత్త రూల్ల ఉత్తరం కిందికి రాదు. సామాన్ కిందికొస్తది. కస్టమ్స్ కాయితం నింపాలె, దాని రేటు వేరే. చుక్క తీసేస్తే గింత పరేషాన్ ఉండదు."

రేటు చెప్పింది. కార్డు కొన్న డబ్బు దాని ముందు చిల్లరలా కనిపించింది. అత్త ముఖం ఎర్రబడింది.

"తూర్పు దేశపు జ్ఞానులకు దారి చూపించిన నక్షత్రాన్ని కస్టమ్స్ వాళ్లెవరైనా ఆపారా?"

"వాళ్లు ఒంటెల మీద పోయిన్రమ్మా. మీరు విమానంల పంపుతున్రు" అంది కౌంటర్ ఆవిడ, తల ఎత్తకుండానే.

వెనక వరుసలో నవ్వులు లేచాయి. నేనూ నవ్వాను. అత్త కవర్లన్నీ సంచీలో వేసుకుని బయటికి నడిచింది.

ఆ ఆదివారమే చర్చిలో మా సంఘపెద్ద తన లండన్ ప్రయాణం సంగతి ప్రకటించాడు. ఈయన ఏదో ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి దిగిపోయినవాడు. ఆఫీసు వదిలినా అజమాయిషీ వదల్లేదు. లండన్‌లో నిరాడంబర జీవితం గురించి ఒక సదస్సు జరుగుతోందనీ, దారి ఖర్చులు పిలిచినవాళ్లే పెట్టుకుంటున్నారనీ, ఇది కేవలం దేవుని కృప అనీ చెప్పాడు. నిరాడంబరతకు తగినట్టు జనరల్ బజార్‌లో కొత్త సూటు కుట్టించుకున్నాడని మాకు అప్పటికే తెలుసు.

ఆరాధన అయ్యాక అత్త తన పోస్టాఫీసు గోడు నలుగురితో చెప్పుకుంటుంటే ఆయన విన్నాడు.

"సిస్టరమ్మా, జెర ఆగున్రి. మీరు పరేషాన్ కావొద్దు. నా సూట్‌కేసుల ఏస్కపోత. లండన్‌ల దిగంగనే పోస్టు చేస్త. ఆడికెళ్లి ఐర్లండ్ పక్కనే గద. ఎంతైతది? బస్ టికెట్టంత."

"అంత శ్రమ మీకెందుకండీ..."

"శ్రమ కాదు, సేవ."

ఆ మాట వినగానే చర్చి ఆవరణలో విదేశీ బంధువులు పుట్టగొడుగుల్లా మొలిచారు. పదేళ్లుగా ఎవరికీ ఒక ముక్క రాయనివాళ్లు కూడా మరుసటి వారానికి కవర్లతో వచ్చారు. ఒకాయన తెరిస్తే పాట పాడే కార్డు తెచ్చాడు. సంఘపెద్ద అన్నీ తీసుకున్నాడు. ప్రతివాళ్ల దగ్గరా "ఆడ స్టాంపులకు" అని చందా కూడా తీసుకున్నాడు. ఎంతివ్వాలో ఆయనే చెప్పాడు, బస్ టికెట్టు లెక్కనే. అత్త తన సంచీ ఆయన చేతిలో పెట్టి, కవర్లు మడతపడకుండా చూడమని బతిమాలింది. వచ్చేదారిలో నాతో, "చూశావా, సంఘం అంటే ఇదీ" అంది. నేను చూశానన్నాను.

లండన్ నుంచి ఫోటోలు వాట్సాప్ గ్రూపులో కురిశాయి. వంతెన ముందు ఆయన, గడియారం ముందు ఆయన, నిరాడంబర జీవితం అని రాసి ఉన్న గుడ్డ ముందు సూటులో ఆయన. చివరికి మేమంతా ఎదురుచూస్తున్న ఫోటో వచ్చింది: ఎర్రటి పోస్టు డబ్బా, దాని నోట్లో ఒక కవరు, ఆ కవరు పట్టుకున్న ఆయన చెయ్యి. దాని కింద ఆమెన్లు, దండం పెట్టే చేతులు ఎంత దూరం జరిపినా తరగలేదు. అత్త నా ఫోన్ లాక్కుని ఫోటోను పెద్దది చేసి చూసింది.

"ఆ కవరు నాదే అయ్యుంటుందిరా" అంది.

క్రిస్మస్ అయింది, కొత్త సంవత్సరం వచ్చింది. జనవరిలో ఒక సాయంత్రం ఐర్లండ్ నుంచి ఫోన్.

"మేడమ్, ఒంట్లో బాగానే ఉంది కదా? ఈసారి మీ కార్డు రాలేదు. నాకు భయమేసింది."

"బాగున్నానమ్మా. కార్డు లండన్ నుంచి బయల్దేరింది. వచ్చేస్తుంది."

తర్వాత ఆస్ట్రేలియా అమ్మాయి అడిగింది. మస్కట్ అమ్మాయి ఏమీ అడగలేదుగానీ, "మేడమ్ కులాసాగా ఉన్నారా?" అని నా నంబరుకు మెసేజ్ పెట్టింది. అందరూ నర్సులు కదా, కార్డు రాకపోతే నాడి చూడబోయారు. స్కాట్లండ్ మేట్రనమ్మ ఫోన్ చేసే వయసు దాటిపోయింది. అటునుంచి ఏ కబురూ లేదు.

అత్త చీర మార్చుకుని కిందికి దిగి, "అల్వాల్ పోదాం పద" అంది.

సంఘపెద్ద ఇంట్లో మాకు మంచి మర్యాద జరిగింది. లండన్ చాక్లెట్లు పెట్టారు. కుర్చీ వెనక కొత్త ఉన్ని కోటు వేలాడుతోంది. కార్డుల సంగతి అడిగితే ఆయన చెయ్యి ఊపాడు.

"క్రిస్మస్ రష్ సిస్టరమ్మా. ఆడ సుత మన లెక్కనే ఉంటది."

ఆయన భార్య టీ కప్పులు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టింది.

"ఏం రష్? చెప్పరాదు?"

ఆయన చాక్లెట్ కాగితం మడత పెట్టసాగాడు. ఆవిడ లోపలికి వెళ్లి, బీరువా పైనుంచి ఒక సంచీ దించుకొచ్చి అత్త ఒళ్లో పెట్టింది. అత్త ఇచ్చిన సంచీయే. కవర్లు ఒక్కటీ మడతపడలేదు.

"స్టాంపు రేటు సూసి ఈయనకు కండ్లు తిరిగినయంట. మల్ల గట్లనే వాపస్ తెచ్చిండు. మిగిలినోళ్లయి సుత పైననే ఉన్నయి" అంది ఆవిడ.

"ఆడ ఒక్క స్టాంపు పైసల్తోని ఈడ కడుపునిండ బిర్యానీ తినొచ్చు సిస్టరమ్మా! నేనేం చెయ్యాలె?" అన్నాడాయన.

"మరి ఆ ఫోటో?"

"అది అబద్ధం కాదు. ఒక్కటి ఏసిన. మా బామ్మర్దికి రాసింది."

ఆ బావమరిది లండన్‌లోనే ఉంటాడట. ఆ బావమరిది ఇంటి దగ్గరి డబ్బాలోనే వేశాడట.

"ఒక్క మాట ఫోన్ చేసి చెప్పకపోయారా అండీ?"

"చెప్తే మీరు బాధపడ్తరని. పారెయ్యలే గద, పైలంగ తెచ్చిన గద!"

నాకు నవ్వు ఆగలేదు. మా ఇంట్లో ఎవరూ లండన్ చూడలేదు, అత్త నూలు నక్షత్రాలు చూసొచ్చాయి. అత్త మాత్రం నవ్వలేదు. స్కాట్లండ్ కవరు బయటికి తీసి, దాని మీద తను రాసిన చిరునామా కాసేపు చూసుకుంది.

"రేపు పోస్టాఫీసు తెరిచేసరికి రండి. అందరి కార్డులూ తీసుకురండి" అంది.

"రేపు నాకు జెర పని ఉంది..."

"వస్తడు. నేను పంపిస్త" అంది ఆయన భార్య.

వచ్చాడు. లండన్ కోటు వేసుకుని మరీ వచ్చాడు. కౌంటర్ ఆవిడ అత్తను గుర్తుపట్టి, "ఇంక పోలేదామ్మా చుక్కలు?" అంది. పోయి వచ్చాయని అత్త చెప్పింది. ఆవిడకు అర్థం కాలేదు, కాకుండానే కస్టమ్స్ కాగితాల కట్ట ఇచ్చింది.

సంఘపెద్ద గోడవారన ఉన్న బల్ల దగ్గర కూర్చుని నింపడం షురూ చేశాడు. నడుమ పాట పాడే కార్డు కవరులోంచే పాట ఎత్తుకుంది. అందరూ తిరిగి చూస్తుంటే ఆయన దాన్ని కోటు లోపల పెట్టుకున్నాడు, అక్కడా పాడింది. అందులో బ్యాటరీ ఉందని కౌంటర్ ఆవిడ దాన్ని తీసుకోనంది. నక్షత్రం కార్డు దగ్గరికి వచ్చేసరికి ఆయన "నూలు చుక్క, విలువ లేదు" అని రాశాడు.

అత్త ఆయన భుజం మీదుగా చూసి, "లేదని ఎవరన్నారు?" అంది.

"మరి ఎంత రాయాలె?"

"లండన్ దాకా మోసి తెచ్చారుగా. మీరే చెప్పండి."

ఆయన చెమట తుడుచుకుని, "విలువ లేదు" కొట్టేసి ఏదో అంకె వేశాడు. అత్త తన కార్డుల డబ్బు తను కట్టింది. మిగతావాళ్లవి ఆయన వసూలు చేసిన చందాతో సరిపోలేదు, కోటు జేబులోంచి తీయాల్సి వచ్చింది. అది మాత్రం నేను తృప్తిగా చూశాను.

కార్డులు వెళ్లాయి. ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారానికి తన క్రిస్మస్ కార్డు అందిందని ఐర్లండ్ అమ్మాయి ఫోన్ చేసి నవ్వింది. ఇక్కడ అత్త కూడా నవ్వింది.

ఈస్టర్ వెళ్లాక సంఘం వార్షిక సమావేశం జరిగింది. కార్యదర్శి నివేదిక చదివాడు: "ఈ సంవత్సరము మన సంఘపెద్దగారి పరిచర్య ద్వారా పలు దేశములలోని అనేకులకు క్రిస్మస్ శుభములు అందజేయబడినవి." చప్పట్లు కొట్టారు. కార్డులు వెనక్కొచ్చిన కథ అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. అందరూ కొట్టారు. సంఘపెద్ద లేచి, తనదేమీ లేదని పైకి వేలు చూపించాడు.

సమావేశం ముగిశాక అత్త ఆయన దగ్గరికి వెళ్లి ఒక కవరు చేతికిచ్చింది. ఆ వారమే స్కాట్లండ్ నుంచి తిరిగొచ్చిన కవరది. మేట్రనమ్మ జనవరి నెలాఖరులో కన్నుమూసిందని ఆశ్రమం వాళ్లు దాని మీద రాసి పంపారు.

ఆయన చదివి, గొంతు తగ్గించి, "దేవుని చిత్తం సిస్టరమ్మా" అన్నాడు.

"దేవుణ్ణి మధ్యలోకి లాగకండి. ఇది మీ చిత్తం" అంది అత్త.

ఆయన నోరు తెరిచాడు. అంతలో ఎవరో భోజనాలకు పిలిచారు. కవరును బైబిలులో పెట్టుకుని అటు వెళ్లిపోయాడు.

మేం తినకుండానే ఆటో ఎక్కాం. బన్సీలాల్‌పేట్ దగ్గర ట్రాఫిక్‌లో ఆటో ఆగినప్పుడు అత్త నా వైపు చూడకుండా, "కార్డు అందలేదని కాదురా. పోస్టు వచ్చినప్పుడల్లా ఆవిడ ఎవరినో అడిగి ఉంటుంది, నాకేమైనా వచ్చిందా అని" అంది.