సగం సినిమా

నేను కాలేజీలో యాభై రోజులు చదివాను, రోజుకు నాలుగుసార్లు. ఎనిమిదిలోనే బడి మానేసినవాడికి కాలేజీ ఎక్కడిదంటారా? జనగామలో నేను గేటు దగ్గర టికెట్లు చింపే సినిమా హాల్లోది. అక్కడ యాభై రోజులాడిన ఆ కాలేజీ సినిమాలో పిల్లలు పుస్తకం ముట్టరు. పరీక్ష తప్పినా పాటేసుకుంటారు. కొట్టుకున్నవాళ్ళు మరుసటి సీనుకే ఒకే సైకిల్ మీద వస్తారు. కథ అంతే. ఇప్పటికీ టీవీలో వస్తే నాకు నవ్వాగదు. కాకపోతే ఇంటర్వెల్ దాకానే చూస్తాను.

మా చిన్నమ్మ కొడుకు డిగ్రీ ఆఖరి సంవత్సరం జనగామలోనే చదివేవాడు. వాళ్ళ ఊరు కొత్తగూడ వైపు. ఆ ఇంట్లో అంతదాకా చదివినవాడు వాడొక్కడే. తెలంగాణ కోసం బంద్‌లు మొదలయ్యాక హాలు మూతపడింది, కాలేజీ మూతపడింది, వాడి పరీక్షలు రెండుసార్లు వాయిదా పడ్డాయి. వాడు తిండి తగ్గించాడు, మాట తగ్గించాడు. ఆ రోజుల్లో ఏ పేపరు తెరిచినా ప్రాణం తీసుకున్న పిల్లవాడి ఫోటో ఒకటి ఉండేది. చిన్నమ్మ ఫోన్ చేసింది.

“బిడ్డా, వాన్ని ఒక్కన్నే ఇడిసిపెట్టకు. జర నవ్విపియ్యి.”

నాకు చేతనైన నవ్వు ఆ సినిమా ఒక్కటే. వాణ్ణి రమ్మని, బస్టాండ్ ముందు దీక్షా శిబిరంలో, రోజుకో జట్టు పస్తు కూర్చునే టెంటు కింద, అన్ని గొంతులూ నేనే అయి మధ్యాహ్నాలు ఆ కథ చెప్పేవాణ్ణి. మెడలో దండలతో ఆకలి మీదున్న టీచర్లు కూడా కడుపు పట్టుకుని నవ్వేవారు. సరిగ్గా ఇంటర్వెల్ దగ్గర ఆపేవాణ్ణి.

“తర్వాత ఏమైందన్నా?” అనేవాడు వాడు.

“రేపు రా, చెప్త.”

వాడికి తెలియని కథ కాదు, నాతోపాటే పదిసార్లు చూశాడు. అయినా వచ్చేవాడు. మిగతా సగం చెప్పి, ఆ ఊపులోనే మళ్ళీ మొదటి నుంచి అందుకుని ఇంటర్వెల్‌లో ఆపేవాణ్ణి. ఎప్పుడూ రేపటికి సగం మిగలాలి. అదే నా ఎత్తు.

మూడోసారి పరీక్షలు వాయిదా పడిన రోజు వాడి మొహం చూడలేకపోయాను. జాలిపడి సినిమా మొత్తం చెప్పేశాను, అందరూ పాసై కాలేజీ గేటెక్కి పాడే ఆఖరి పాటతో సహా. వాడు నా చెయ్యి పట్టుకుని మరీ నవ్వాడు. ఇక ఫరవాలేదనుకున్నాను.

మర్నాడు వాడు రాలేదు. వాడి గదిలో పెట్టె లేదు. జనం పట్టాల మీద కూర్చోవడంతో రైళ్ళూ లేవు. ఎవరిదో బండి అడుక్కుని మహబూబాబాద్ మీదుగా కొత్తగూడ పోయాను. చిన్నమ్మ నా వెనక సీటు వైపు చూసింది.

“వాడేడిరా?”

బండి దిగకుండానే వాణ్ణి వెతకడానికి వెనక్కి తిప్పాను.

నెల తర్వాత భూపాలపల్లిలో దొరికాడు, బొగ్గు గని దగ్గర కాంట్రాక్టు కూలీగా. బతికే ఉన్నాడన్న సంతోషం వాడి కళ్ళు చూసేదాకానే. పరీక్షల తేదీ ఇచ్చారని చెప్పాను. రానన్నాడు.

“చెప్పకుండ ఎందుకొచ్చినవ్‌రా?”

“ఆఖరిదాక చెప్పింది నువ్వే గదనే అన్నా. శుభం పడ్డంక కూసున్నోళ్ళ మీద టార్చి గొట్టి ఎల్లగొట్టేది గూడ నువ్వే. ఇంకెందుకు కూసోవాలె?”