ఎర్ర స్లగ్గుకు పెట్టబోయిన పేరు

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఒక డిసెంబరులో, నన్ను లక్షద్వీప్ పగడపు దిబ్బల సర్వేకు వేశారు. అప్పటికి నేను సముద్ర జీవుల విభాగంలో సీనియర్ సైంటిస్టును. సముద్రమే లేని బళ్ళారి వాడికి ఈ ఉద్యోగమేమిటని తోటివాళ్లు ముప్పై ఏళ్లుగా ఎగతాళి చేస్తూనే ఉన్నారు. నా పని స్లగ్గులను వెతికి గుర్తుపట్టడం. స్లగ్గంటే గుల్ల లేని నత్త. చాలావరకు బొటనవేలి గోరంత ఉంటుంది. రంగులు చూస్తే మాత్రం చీరల కొట్టు గుర్తుకొస్తుంది.

దిబ్బ మీద కొలత తాడు పరిచి, దాని వెంబడి ఈదుతూ రాళ్ల సందులన్నీ చూడాలి. కనబడినదాన్ని ముందు నీళ్లలోనే ఫోటో తీయాలి, ఎందుకంటే స్పిరిట్‌లో వేశాక రంగంతా పోతుంది. తర్వాత ఫీల్డ్ షీటులో లోతు, పొడవు, రంగు, దొరికిన చోటు రాయాలి. ల్యాబులో దాని నాలుక మీది పళ్లను మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. మూడో రోజు నాకు కుంకుమ రంగు స్లగ్గులు కొన్ని దొరికాయి. ఆకారం మాకు తెలిసిన పసుపు జాతిదే, రంగు మాత్రం ఎవరూ రాయనిది. పళ్లలోనూ కొద్దిగా తేడా కనిపించింది. కొత్త జాతి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా అనుకోవాలని ఆశపడ్డాను. ఉద్యోగం మొత్తంలో నేను పేరు పెట్టిన జీవి ఒక్కటీ లేదు. పెట్టాల్సిన పేరు మాత్రం ఎప్పుడో నిర్ణయించుకున్నాను.

అది మా అక్క పేరు, రూతమ్మ. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, అక్కకు పదహారు. నాకు అన్నం పెట్టి పెంచింది ఆమే. ఇప్పుడు మా బళ్ళారి జిల్లా కురుగోడు దగ్గర కాలువ కింద మిరప తోట చూసుకుంటోంది. సెలవులో వెళ్లి ఫోటో చూపించాను. ఇకమీదట దీన్ని లోకమంతా నీ పేరుతోనే పిలుస్తుందని చెప్పాను.

"హౌదా! నిజంగా నా పేరా?" అని అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి, తన పేరు సముద్రం దాకా పోయిందని దేవునికి వందనాలు చెప్పింది. వెనక బెంచీలో నేను సంతోషం పట్టలేక తల వంచుకుని కూర్చున్నాను.

మరునాడు తోటలో కాయలు కోస్తూ అడిగింది.

"ఇంతకీ నా పేరు పెట్టుకునేది ఏం తింటాదప్పా?"

అది నేను గమనించనే లేదు. 'దొరికిన చోటు' గడిలో 'ఎర్ర స్పాంజి మీద' అని రాశాను, అంతే. స్పాంజి అంటే రాళ్లకు అంటుకుని పెరిగే మెత్తటి జీవి. అక్క ఆకు మీది పచ్చ పురుగును, పండు మిరప చీల్చి లోపలి ఎర్ర పురుగును తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఆకు తినేది పచ్చగుండాది, పండు తినేది ఎర్రగుండాది. రెండూ ఒగటే పురుగప్పా. మందు కూడా ఒగటే."

నన్ను తప్పుపట్టాలని కాదు, పాపం. తిండి సంగతి అడగడం ఆమెకు అలవాటు. హాస్టల్‌కు రాసిన ప్రతి ఉత్తరంలోనూ మొదటి ప్రశ్న అదే. తినేదాన్ని బట్టి కొన్ని స్లగ్గులకు రంగు మారుతుందని నేను చదివినవాణ్ణే. ఆశ అడ్డొచ్చింది. నా స్లగ్గు కూడా ఆ ఎర్ర స్పాంజిని తినే ఎర్రబడిందేమో అనిపించింది.

కొత్త జాతి అంటూ రాసిన పరిశోధన పేపరును పంపకుండా ఆపి, మళ్లీ దీవికి వెళ్లాను. ఒక ఎర్ర స్లగ్గును తొట్టెలో ఉంచి పసుపు స్పాంజి వేశాను. మూడు వారాలకు అది పసుపు రంగుకు తిరిగింది. మరిన్నింటి పళ్లు లెక్కపెడితే, ఆ తేడా కూడా ఒకే జాతిలో ఉండేదేనని తేలింది. అంటే, దాని అన్నం పళ్లేన్ని నేను అది కూర్చునే పీట అని రాసుకున్నాను.

ఫోన్‌లో చెప్పడానికి నోరు రాక కురుగోడుకే వెళ్లాను. అక్క అంతా వింది.

"పోతే పోనీలే. తప్పుడు పేరు నాకొద్దప్పా. ఆదివారం నేనే చెప్తా," అంది.

చెప్పింది కూడా. అదే చోట లేచి, ఆ సముద్రపు పురుగుకు తన పేరు పెట్టడం లేదని, తమ్ముడు తన తప్పు తానే దిద్దుకున్నందుకు దేవునికి వందనాలని చెప్పింది. ఈసారి నేను కూడా లేచి నిలబడ్డాను.

రంగు చూసి జాతి తేల్చకూడదు. ఒక జీవి దేని మీద దొరికిందో రాస్తే చాలదు, దాన్ని తింటోందో లేదో కూడా చూడాలి. ఉద్యోగం నుంచి దిగిపోయేలోపు మా ఫీల్డ్ షీటులో ఒక గడి చేర్పించాను: 'ఏం తింటోంది?' ఈ రోజుకీ ఏ జీవికీ అక్క పేరు లేదు. ఆమె ప్రశ్నకు జవాబు రాయని షీటును మాత్రం మా విభాగంలో ఎవరూ తీసుకోరు.