ఫారంలో లేని తలుపు

నేను ముప్పై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో పనిచేశాను. కొట్లలో తక్కెళ్లు, బట్టల షాపుల్లో మీటరు బద్దలు పరీక్షించి ముద్ర వేయడం నా ఉద్యోగం. రిటైరయ్యాక ఫిల్మ్ నగర్ ఎత్తు మీద ఉన్న మా చర్చిలో సంఘపెద్దనయ్యాను. అందుకే విదేశంలోని ఒక సంఘం మా చర్చి ద్వారా చక్రాల కుర్చీలు పంచుతుందని తెలిసిన రోజు పాస్టరు గారు మిగతా పెద్దలందరినీ దాటుకుని నా వైపే చూశారు.

ఆ విదేశీ సంఘానికి ఒక నియమం ఉంది. కొలత లేకుండా కుర్చీ ఇవ్వరు. సరిపడని కుర్చీలో కూర్చున్నవాడికి వెన్ను వంగుతుంది, పుండ్లు పడతాయి; అలాంటి దానం కన్నా ఊరుకోవడం మేలని వాళ్ల నమ్మకం. కొలవడం నేర్పడానికి ఇద్దరు శిక్షకులను పంపించారు. తుంటి వెడల్పు, తొడ పొడవు, మోకాలి నుంచి మడమ దాకా, కూర్చుంటే మోచేయి ఎంత ఎత్తులో ఉంటుంది, ఇలా రెండు పేజీల ఫారం. వాళ్లు తెచ్చిన గుడ్డ టేపు సాగిపోయి ఉంది. నా ఉక్కు టేపు తీసి ఆ మాట చెప్పాను. శిక్షకుడు నా చేయి పట్టుకుని ఊపాడు. ఆ రోజు డైరీలో, "శిక్షణ పూర్తి. కొత్తగా నేర్చుకోవలసినది పెద్దగా లేదు" అని ఉంది. డైరీలో రాసినది కొట్టివేయకూడదని నా నియమం. లేకపోతే ఆ వాక్యం ఈపాటికి ఉండేది కాదు.

నా వంతుకు వచ్చినవాళ్లలో ఒకడు కృష్ణానగర్‌లో ఉండే ఫైటరు. సినిమాల్లో హీరో బదులు అద్దాలు పగలగొట్టుకుని దూకేవాడు. నాలుగేళ్ల కిందట ఒక మేడ మీద నుంచి దూకితే కింద పరిచిన అట్టపెట్టెలు కొంచెం పక్కకు జరిగి ఉన్నాయి. అప్పటి నుంచి నడుము కింద కాళ్లు లేనట్టే. ఒక్క గదిలో అతనూ, భార్యా. నేను టేపు తీయగానే నవ్వాడు.

"మంచిగ తీస్కోండ్రి సార్. కాస్ట్యూమర్ సుత గిట్లనే అన్ని కొలతలు తీస్కుంటుండె. ఆఖరుకు హీరో అంగీనే నాకు తొడుగుతుండె."

"ఈ కుర్చీ నీ ఒక్కడి కొలతకే వస్తుంది. పూచీ నాది" అన్నాను.

"కుర్చీతోని ఎక్కడికి పోతవో అడగుండ్రి సార్ ఈయన్ని" అంది భార్య పొయ్యి దగ్గర నుంచి.

"ఎక్కడికి పోత? గల్లీ మూల మీది చాయ్ హోటల్ దాకా. పొద్దుగాల షూటింగ్ బండ్లు ఆడికే వస్తయి సార్. మనోళ్లంత ఆడనే నిలబడతరు. నన్ను పండుగకొకసారి ఇద్దరు మోస్కపోతరు, మూట లెక్క. బెంచీ మీద పెడతరు. మళ్ల ఎవరన్న ఖాళీ అయ్యేదాంక ఆడనే. నా అంతల నేను పోవాలె, నా అంతల నేను రావాలె. గంతే."

ఆ కోరికను ఎక్కడ రాయాలో ఫారంలో చోటు లేదు. చివర "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంది. అందులో "లేవు" అని రాసి సంతకం పెట్టాను.

కుర్చీల పంపిణీ జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద హాలులో జరిగింది. ముఖ్య అతిథి ఒక నటుడు. గ్రహీతలను తొమ్మిదికి రమ్మన్నాం. ఆయన ఒంటిగంటకు వచ్చారు. నాలుగు గంటలు కూర్చోవడానికి అందరికీ కుర్చీలు ఉండటం ఆ కార్యక్రమానికి ఉన్న గొప్ప సౌకర్యం. ఫొటోగ్రాఫరు అటూ ఇటూ తిరిగి మా ఫైటరు దగ్గర ఆగాడు.

"అన్నా, కొంచెం బాధగా పెట్టు మొహం. ఇచ్చాక నవ్వుదువుగాని."

"ఎంత బాధ కావాలె? క్లోజా, లాంగా?"

ఫైటరు తల వాల్చి ఎలాంటి మొహం పెట్టాడంటే, పాస్టరు గారు జేబులో రుమాలు వెతుక్కున్నారు. ఒక్క టేకులో అయిపోయింది. నటుడు అతని భుజం మీద చేయి వేసినప్పుడు, "సార్, మీ రెండు పిక్చర్లల మీ బదులు దుంకింది నేనే" అన్నాడు. నటుడు గబుక్కున చేయి తీసి, మళ్లీ రెండు చేతులూ వేశారు. ఆ రెండోది ఫొటోలో లేదు.

కుర్చీ అతనికి అతికినట్టు సరిపోయింది. తుంటికి, తొడకు, మోచేతికి ఎక్కడా వేలెడు తేడా లేదు. అతన్ని ఎక్కించిన ఆటో వెనకే నేనూ ఇంకో ఆటోలో కృష్ణానగర్ దాకా వెళ్లాను. వీధిలో అతను తనే చక్రాలు తిప్పుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

టేపు తీశాను. కుర్చీ, చక్రాలతో కలిపి, ఇరవై అయిదు అంగుళాలు. ద్వారం ఇరవై మూడున్నర. ఆ ద్వారంలోంచి నేను మూడుసార్లు వచ్చి వెళ్లాను, ప్రతిసారీ చేతిలో టేపుతో.

"మడిస్తే పడతది సార్" అంది భార్య.

కుర్చీ మడిస్తే పడుతుంది. కానీ మడిచిన కుర్చీలో మనిషి కూర్చోలేడు. కుర్చీ బయట ఉంటే అతన్ని మోసుకెళ్లి కూర్చోబెట్టాలి. లోపల ఉంటే మంచం నుంచి పొయ్యి దాకా వెళ్లి రావచ్చు. పైగా నాలుగంగుళాల గడప ఒకటి, శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టినది.

"పోనీండ్రి సార్. లోపలనే తిరుగుత. ఔట్‌డోర్ క్యాన్సిల్ అనుకుంట" అన్నాడు ఫైటరు. అతను ఇలాంటి సమయంలో నన్ను ఓదార్చడం నాకు నచ్చలేదు.

మేడ మీద ఉండే ఇంటి యజమాని దిగి వచ్చాడు. విషయం చెప్పి, ద్వారం వెడల్పు చేయవచ్చా అని అడిగాను.

"మేకు కొడితెనే ఊకోను నేను. దర్వాజనే పీకుతరా? రేపు ఇంకొకడు కిటికీ పీకుతడు. మీ చర్చిల చెప్పి సన్నది కుర్చీ తెప్పియ్యుండ్రి."

"అతని కొలత అది కాదండీ."

"మా దర్వాజ కొలత గూడ అది కాదు."

శాఖాపరంగా ఆయన మాట సరైనదే.

పాస్టరు గారితో చెబితే ప్రార్థన చేద్దామన్నారు. చేశాం. మూడో రోజున పక్క గదిలో ఉండే సినిమా సెట్ల వడ్రంగి నన్ను ఆపాడు. కాకినాడ వైపు మనిషి.

"ఏవండీ పెద్దాయనా, ఎందుకండీ అంత బెంగ? జమీందారు మేడ సెట్టు నిన్ననే విప్పేశామండీ. సింహద్వారం లారీలో పారెయ్యడానికి పోతోంది. చెప్పండి, ఆపుతాను."

"యజమాని ఒప్పుకోవాలి కదయ్యా."

"చూపించాక అడుగుదామండీ. చూపించకుండా అడిగితే ఎవరొప్పుకుంటారు?"

మర్నాడు ఆ తలుపులు గల్లీలోకి వచ్చాయి. రెండు రెక్కలు, చిలకలు, లతలు, ఇత్తడి బొడిపెలు. యజమాని మెట్ల మీద సగంలో నిలబడిపోయాడు. కిందికి వచ్చి వేలితో తట్టాడు. వడ్రంగి నా వైపు చూశాడు. టేకని అతను అనేస్తే నేనేం చేయాలా అని ఆలోచించాను. ముప్పై నాలుగేళ్లు తప్పుడు తూకాలు పట్టినవాణ్ణి, పైగా సంఘపెద్దని.

"ఇది టేకు కాదండీ" అన్నాను.

యజమాని నన్ను జాలిగా చూశాడు. "ఫైబరని నాకెర్క లేదా? ఈ బస్తీల ఏ ఇంట్ల లేదు సెట్టు సామాను? మా బాత్రూంల పలకలు కోర్టు సీన్లవి." మళ్లీ తట్టాడు. "గని చిలకలు మంచిగున్నయి. ఖాళీ చేసినప్పుడు తీస్కపోవద్దు. గదొక్కటే నా మాట."

ఆదివారం ఆరాధన కాగానే నేను వెళ్లేసరికి పాత చట్రం ఊడిపోయి ఉంది. కొత్త ద్వారాన్ని పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచాను. ముప్పై ఆరు. వడ్రంగి నవ్వాడు. గడప తీసేశాక భార్య ఒప్పుకోలేదు.

"గడప లేని ఇల్లు ఇల్లా సార్? శుక్రవారం నేను దేనికి పసుపు రాయాలె?"

వడ్రంగి తనతో పనిచేసే పెయింటరును పిలుచుకొచ్చాడు. గచ్చు మీద చదునుగా గడప గీశాడతను. కర్ర గీతలు, పసుపు, వరసగా కుంకుమ బొట్లు, కింద కొంచెం నీడ. పూర్తయ్యాక చూస్తే కాలు ఎత్తి దాటాలనిపించేది. నేను దాటాను కూడా. ఆమె చాలాసేపు చూసి, "సరే తియ్" అంది. విదేశీ సంఘం ఇచ్చిన కుర్చీ కోసం గడప గీయవచ్చా అన్నదానికి నా దగ్గర ఉన్న నిబంధనల్లో జవాబు లేదు. నేను పాస్టరు గారిని అడగలేదు.

మూడు నెలల తర్వాత గ్రహీతను ఇంట్లో కలిసి రెండో ఫారం నింపాలి. కుర్చీలో అతని ఫొటో తీసి పంపాలి. శనివారం పది గంటలకు వస్తానని ముందే చెప్పి, పదికి వెళ్లాను. తలుపుల చిలకలకు తాళం వేలాడుతోంది. భార్య కుళాయి దగ్గర నుంచి వచ్చింది.

"లేడు సార్. పొద్దుగాల పోయిండు."

"నేను వస్తానని చెప్పాను కదమ్మా."

"నేను గూడ చెప్పిన. బండ్లు వెళ్లిపోయేదాంక రాడు. బండ్లు పోయినంక గూడ రాడు. ఇచ్చినోళ్లు మీరే గద, జర మీరే చెప్పుండ్రి, అన్నం యాళ్లకన్న ఇంటికి రమ్మని."

తర్వాతి శనివారం వెళ్లాను. లేడు. ఆ పై మంగళవారం చెప్పకుండా వెళ్లాను. అప్పుడూ లేడు. గల్లీ మూల దాకా వెళ్తే కనిపిస్తాడని తెలుసు. కానీ ఫారంలో "ఇంట్లో" అని స్పష్టంగా ఉంది. ఆ గీసిన గడప ముందు నిలబడి, "ఇతర వివరాలు" గడిలో, "మూడుసార్లు వెళ్లాను. గ్రహీత ఇంట్లో లేడు" అని రాసి సంతకం పెట్టాను. తిరిగి వచ్చాక డైరీలో కూడా అదే వాక్యం రాసుకున్నాను.