తడికల మీద నడిచిన లారీ

మొన్న తిరుచానూరు దారిలో సిగ్నల్ దగ్గర నా స్కూటర్ పక్కన మామిడికాయల లారీ వచ్చి ఆగింది. డీజిలు పొగ, పచ్చి సొన, ఎండుగడ్డి కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు యాభై దాటాయన్న సంగతే మరిచిపోయి, వెనకవాళ్లు హారన్లతో నా వంశాన్నంతా తలుచుకొనేదాకా అక్కడే నిలబడిపోయాను.

మా ఊరు కార్వేటినగరానికి అవతల, ఏటి గట్టున. ఏరంటే నీళ్లు ఊహించుకోవద్దు, ఏడాదిలో పదకొండు నెలలు అందులో ఇసుకే పారేది. ఎండాకాలం మధ్యాహ్నం గుప్పెడు శనక్కాయలు పూడిస్తే పొయ్యి లేకుండా వేగేవి; సాయంత్రం కబడ్డీలో బోర్లా పడితే దెబ్బ తగలదు సరికదా, నిద్ర పట్టేది. మామిడి కాలం వస్తే ప్రతి మిద్దె మీదా తాండ్ర చాపలు, ప్రతి అరుగు మీదా ఊరగాయ ముక్కలు, మా వీధి ఈగలకు చక్కెర జబ్బు వచ్చేంత తీపి. వంతెన లేదు. లారీ అయినా, పెళ్లికూతురైనా ఆ ఇసుకలోంచే రావాలి.

నా చిన్నప్పుడు ఒక ఏడు మా నాయన తోట విరగకాసింది. కాయకు వచ్చిన సెల్వం తిరుత్తణి వైపు మనిషి. లారీ కొని నెల కూడా కాలేదు. దాని ముఖాన రోజూ పసుపు పూసి, కూతురికి జడ వేసినట్టు పూలు చుట్టేవాడు. ఆ లారీ లోడుతో ఏటి నడుమకు పోయి, వెనక చక్రాలు సగందాకా దిగబడి కూర్చుంది. అదే సమయానికి పడమటి కొండల మీద కాటుక డబ్బా బోర్లించినట్టు మబ్బు. కొండ మీద వాన పడితే మా ఊళ్లో చినుకైనా రాలకుండానే ఏరొచ్చేస్తుంది. కొత్త లారీ, ఏడాది పంట, రెండూ దాని దారిలోనే ఉన్నాయి.

నాయన నలభైమందిని పోగుచేసి లారీ వెనక నిలబెట్టాడు. నా కళ్లకు నాలుగు వేలమంది.

"ఎనకాల నిలబడొద్దప్పా! బండి జారిందంటే మనిషి మిగలడు. ముందు కాయ దించుదాం" అని సెల్వం మొత్తుకున్నాడు.

"నువ్వు తొక్కు సామీ! మా ఊరోళ్లు తోస్తే చంద్రగిరి కోటైనా పక్కకు జరుగుతాది" అన్నాడు నాయన.

సెల్వం మబ్బుకేసి చూసి, పాపం, తొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగి ఊరందరి నోళ్లలోనూ ఇసుక పోశాయి. మరుక్షణం లారీ జానెడు వెనక్కి జారింది. నలభైమందీ కప్పల్లా ఎగిరి దూకారు. లేచి చూస్తే నాయన ఎడమ చెప్పు టైరు కింద ఉంది. కొంచెంలో తప్పింది గానీ, కాలే అక్కడ ఉండేది. అంత గొంతుగల మనిషి, మెల్లగా, "కాయ దించండప్పా" అని మాత్రం అన్నాడు.

ఆడవాళ్లు బారులు తీరి తట్టలతో సగం కాయను అవతలి గట్టుకు చేర్చారు. సెల్వం టైర్లలో కొంచెం గాలి తీసి, చక్రాల ముందు ఇసుకను పారతో ఏటవాలుగా చెక్కాడు. కొబ్బరి మట్టలు వేస్తే లారీ వాటిని బర్రె మేసినట్టు మేసేసింది.

అప్పుడు మా అవ్వ ముందుకొచ్చింది. "నా తానాల తడిక ఎత్తుకపోండి."

ఊరు నిర్ఘాంతపోయింది. ఆ రోజుల్లో స్నానాల గదంటే పెరట్లో నాలుగు వెదురు తడికలే. అవ్వ తన తడిక మీద కాకినైనా వాలనిచ్చేది కాదు. అవ్వే ఇచ్చాక ఇంకెవరు దాచుకుంటారు? లంగా పైకి దోపుకొని నేనూ ఒకటి ఈడ్చుకొచ్చాను. అరగంటలో ఊళ్లో చాటు అన్నది మిగలలేదు.

సెల్వం తడికలను చక్రాల ముందు రెండు వరసలుగా పరిచి, "అందరూ గట్టెక్కండి! ఒక్కరు ఈడ ఉన్నా నేను తొక్కను" అన్నాడు. ఈసారి నాయనే అందరికంటే ముందు ఎక్కాడు. లారీ నిండు చూలాలిలా మెల్లగా కదిలింది. తడికలు కిర్రుమన్నాయి. అవి అయిపోగానే సెల్వం ఆపి చెయ్యూపేవాడు. మేం పరిగెత్తి వెనక తడికలను ముందుకు మార్చి మళ్లీ గట్టెక్కేవాళ్లం. నా లెక్కలో వందసార్లు, నాయన లెక్కలో ఆరు. ముందు చక్రాలు అవతలి గట్టును తాకగానే నాయన ఒంటి చెప్పుతో చిందులేశాడు.

మళ్లీ లోడెత్తాక సెల్వం అవ్వ కాళ్లకు మొక్కాడు. "పాడు చేసేస్తిని అవ్వా, కొత్తవి తెస్తా."

"తడికలకేం నాయనా, అల్లుకుంటాం. పొద్దుగూకకముందే ఇల్లు చేరుపో, మీ యమ్మ ఎదురుచూస్తా ఉంటాది."

లారీ మలుపు తిరిగిన కాసేపటికే ఎర్రటి నురగతో ఏరొచ్చి ఇసుకలో కూరుకున్న నాయన చెప్పును పట్టుకుపోయింది. వారంపాటు మా ఊరి ఆడవాళ్లు చీరలు అడ్డం కట్టుకొని స్నానాలు చేశారు. టైరు అచ్చు పడ్డ తడికను మాత్రం అవ్వ వాకిట్లోనే నిలబెట్టి, వచ్చినవాళ్లందరికీ ఆ అచ్చు చూపించేది.

ఇప్పుడు అవ్వా లేదు, నాయనా లేడు, తడికలూ లేవు. పెరట్లో పలకరాళ్ల స్నానాల గది ఉంది. ఏటి మీద వంతెన ఉంది. దాని మీంచి తొంగి చూస్తే గుంతలు, సీమతుమ్మ చెట్లు. ఇసుకంతా లారీల్లోనే తరలిపోయింది. ఈరోజు లారీ దిగబడాలన్నా మా ఏట్లో చోటు లేదు.

"ఏం మా, బండి నిలబడిపొయ్యిందా? దిగొచ్చి తోసేదా?" సిగ్నల్ దగ్గర ఆ మామిడికాయల లారీ డ్రైవరు కిటికీలోంచి అడిగాడు.

"తొయ్యొద్దు నాయనా" అన్నాను గబగబా. "ఎనకాల మాత్రం నిలబడొద్దు."