రేకు చల్లారేదాకా

మా డిపో గ్యారేజీలో నాకు మొదట ఇచ్చిన పని బస్సులు కడగడం. మా ఆయన అదే గ్యారేజీలో టైర్ల దగ్గర పనిచేస్తూ గుండెపోటుతో పోయారు. ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి ఆ ఒకరు నేనే అయ్యాను. వేలిముద్ర వేసి చేరాను.

కొల్లేటి లంకల వైపు తిరిగి వచ్చే బస్సులు కడగడం మిగతా బస్సులు కడిగినట్టు ఉండదు. తట్టల్లోంచి కారిన చేపల నీళ్లు మెట్ల మీదా సీట్ల కిందా బురదతో కలిసి గట్టిపడిపోతాయి. పైపు పెట్టి కొడితే పోవు, గీకాలి. గీకుతుంటే ఒక్కోసారి బురదతోపాటు రేకు కూడా పెచ్చులుగా లేచి వచ్చి, కన్నంలోంచి కింద నేల కనిపించేది. ఆ వాసనకి అందరూ ముక్కు మూసుకునేవాళ్లు. నేను ఆ నీళ్ల పక్కనే పుట్టాను కాబట్టి నాకు అది వాసనలా ఉండేది కాదు.

కన్నం కనిపించగానే వెల్డింగ్ మేస్త్రి గారిని కేకేసేదాన్ని. ఆయన రాడ్డు పట్టే హోల్డరూ రాళ్లలా బరువైన తీగలూ ఈడ్చుకుంటూ వచ్చి, ఆ మెరుపు చూడకూడదని నన్ను వెనక్కి తిరగమనేవారు. నేను తిరిగేదాన్ని కాదు. చేతులడ్డం పెట్టుకుని వేళ్ల సందులోంచి చూసేదాన్ని. రాత్రికి కళ్లల్లో ఇసుక పోసినట్టు మండేది. మర్నాడు ఆయన నా కళ్లు చూసి, నల్లద్దం ఉన్న ఒక పాత షీల్డు తెచ్చి నా చేతిలో పెట్టారు.

"చూడాలనుకుంటే దీంట్లోంచి చూడమ్మా. కళ్లు పోతే నీ పిల్లలకెవరు వండి పెడతారు?"

అలా కొన్నాళ్లు చూశాక ఒకరోజు అడిగేశాను. "నాకు నేర్పుతారేంటండీ?"

ఆయన నవ్వలేదు. రాడ్ల పెట్టె తీసుకొచ్చి దాని మీద రాసింది చూపించారు. "ఇదేంటో చదువు."

"నాకు రాదు కదండీ."

"అయితే ముందు అది నేర్చుకో. నేను లేనప్పుడు ఏ రాడ్డు ఏదో ఎవర్ని అడుగుతావ్? రేకుకు వాడేది కింద చాసీ చట్రానికి వాడితే నిలబడదమ్మా, మనుషులు ఎక్కే బండి."

అప్పటికి నాకు నలభై దాటాయి. మా డిపోలో ఒక కండక్టరు అమ్మగారు మధ్యాహ్నం రెస్టులో నా పక్కనే కూర్చుని అన్నం తినేవారు. ఆమెను అడిగాను. టికెట్ మిషన్లో చివరికి మిగిలిపోయే కాగితం ముక్కలు తెచ్చి వాటి మీద అక్షరాలు రాసిచ్చేవారు. ఆ సన్నటి కాగితాలు నా కొంగున ముడేసుకుని, బస్సు కడుగుతూ కడుగుతూ తడి నేల మీదా అద్దాల మీదా వేలితో రాసుకునేదాన్ని. "ఏవండీ, మీ శిష్యురాలు నా బస్సు అద్దం నిండా అక్షరాలు రాసేసిందండి" అని డ్రైవర్లు ఆమెతో హాస్యాలాడేవారు. తెలుగు అయ్యాక ఆవిడే ఇంగ్లీషు పెద్దక్షరాలూ అంకెలూ నేర్పారు. పెట్టె మీద ఉన్నది మొత్తం తప్పులేకుండా చదివి వినిపించిన రోజున మేస్త్రి గారు హోల్డరు నా చేతికిచ్చారు.

మందపాటి ఇనుము నాకు తొందరగానే పట్టుబడింది. బ్రాకెట్లు, సైలెన్సర్ క్లాంపులు, డీజిల్ తొట్టె కింద పట్టీలు. నా చెయ్యి వణకదని మేస్త్రి గారే అన్నారు. వణకకపోవడానికి కారణం మా పుట్టింటి పని. మాది వలలు కట్టే ఇల్లు. చిరిగిన వలని ఒళ్లో వేసుకుని, దారం చుట్టిన వెదురు పుల్లతో ఒక్కొక్క కన్ను కలుపుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి. మధ్యలో ఆపకూడదు. ఆపితే దారం వదులై, ఆ ఒక్కచోట కన్ను పెద్దదవుతుంది, చేప జారిపోతుంది. మా అమ్మ మమ్మల్ని అన్నం తినడానికి కూడా లేవనిచ్చేది కాదు. "చివరికంటా కట్టి లెగు" అనేది.

ఆ అలవాటే రేకు దగ్గర నా కొంప ముంచింది. బస్సు నేల రేకు పల్చగా ఉంటుంది. అతుకు వేయడానికి నేను ఈ మూల మొదలుపెట్టి ఆ మూల దాకా, చెయ్యి ఎత్తకుండా, గీత గీసినట్టు లాక్కుపోయాను. చాలా అందంగా వచ్చిందనుకున్నాను. వేడి దిగేసరికి రేకు నూనెలో వేసిన అప్పడంలా లేచిపోయింది.

అటు పోతున్న ఒక మెకానిక్కు ఆగి చూశాడు. నాకంటే చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. "అక్కగారండోయ్, ఇది బస్సులో వేస్తారా, పప్పులోకి నంచుకుంటారా?"

మేస్త్రి గారు రేకుని బూటుతో తొక్కి చూశారు. "ఇది వల కాదమ్మా. వేడి ఒక్కచోట పోగయితే రేకు ఎటు పోవాలో తెలియక పైకి లేస్తుంది. ఇక్కడ రెండు వేళ్లంత వెయ్యి. వదిలేసి ఆ చివర రెండు వేళ్లంత వెయ్యి. మళ్లీ మధ్యలోకి రా. మధ్య మధ్యలో ఆగు. చెయ్యి పెడితే కాలకూడదు."

వినడానికి ఎంత తేలికో. పని మధ్యలో వదిలేసి ఊరికే కూర్చోవడం నాకు చేతనయ్యేది కాదు. పనిదొంగలా అనిపించేది. చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. చిత్తు రేకుల మీద ఎన్ని అప్పడాలు వేశానో లెక్కే లేదు.

ఇంతలో మేస్త్రి గారి రిటైర్మెంటు దగ్గర పడింది. మేనేజరు గారు అందరినీ పిలిచి సంగతి చెప్పారు. మా డిపోలోనే పనిచేసేవాళ్లలో ఎవరైనా ట్రేడ్ టెస్టు పాసైతే వెల్డరు పోస్టు ఉంటుంది, లేకపోతే ఆ పని బయట షాపుకి కాంట్రాక్టు ఇచ్చేస్తారు. టెస్టు ఒక్కసారే పెడతారు. నాతోపాటు పేరు ఇచ్చిన ఒకే ఒక్కతను తర్వాత తాడేపల్లిగూడెం బదిలీ దొరికిందని వెళ్లిపోయాడు. మిగిలింది నేను. నేను టెస్టు తప్పితే ఆ వెల్డింగ్ షెడ్డుకి తాళం పడుతుంది, నేను మళ్లీ పైపూ చీపురూ పట్టుకోవాలి. చీపురంటే నాకు చిన్నతనం లేదు. కానీ హోల్డరు పట్టాక మనసు దాని మీదే ఉండిపోయింది.

టెస్టు రోజున పై ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు గారు వచ్చారు. మేస్త్రి గారిని షెడ్డులోకి రానివ్వలేదు. ఆయన గుమ్మం బయట నిలబడి, నా వైపు చూస్తే చెప్పినట్టవుతుందని కాబోలు, పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయారు.

ముందు మందపాటి ప్లేట్లు అతికించాను. ఇంజనీరు గారు వాటిని బల్లకున్న వైసులో బిగించి సుత్తితో కొట్టించారు. ప్లేటు వంగింది, అతుకు విరగలేదు. ఆయన తలూపారు. తర్వాత రేకు.

ఇదొక్కటీ పోతే షెడ్డే పోతుందన్న భయం పట్టుకుంది. రాడ్డు అంటించాను. ఈ మూల నుంచి బయల్దేరి, మరి ఆగలేదు. సగం దూరం వెళ్లాక తెలిసింది ఏం చేస్తున్నానో. తెలిసినా చెయ్యి ఆపలేకపోయాను. షీల్డు తీసేసరికి రేకు మూల మెల్లిగా లేస్తోంది.

ఇంజనీరు గారు దాన్ని చదునైన బల్ల మీద పెట్టి వేలితో నొక్కారు. టక్కుమంది. అవతల మూల నొక్కారు. మళ్లీ టక్కుమంది. గుమ్మం దగ్గర ఎవరో నిట్టూర్చారు.

నేను అడిగాను. "ఏవండీ, టైమింకా ఉంది కదండీ. ఇంకో రేకు చేసుకోవచ్చాండీ?"

ఆయన గడియారం చూసుకున్నారు. "రేకు ఉంటే చేసుకోండి. టైము మాత్రం పెంచను."

కొత్త రేకు తెచ్చుకున్నాను. రెండు వేళ్లంత ఇక్కడ, రెండు వేళ్లంత ఆ చివర, ఒకటి మధ్యలో. హోల్డరు కింద పెట్టి, స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. బయట ఆకివీడు బస్సు స్టార్టు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఏంటమ్మా, అయిపోయిందా?" అన్నారు ఇంజనీరు గారు.

"లేదండి. చల్లారనిస్తున్నానండి."

"టైము పోతోంది."

"ఆయ్, పోతోందండి."

కిటికీలోంచి ఆ మెకానిక్కు తల పెట్టాడు. "అక్కా, నీళ్లు కొట్టు, తొందరగా చల్లారుద్ది!" మేస్త్రి గారు అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగేశారు. నీళ్లు కొడితే అతుకు పెళుసవుతుందని నాకు తెలుసు. కదల్లేదు. అరచెయ్యి రేకు దగ్గర పెట్టి చూశాను, వేడి తగ్గింది. లేచి మళ్లీ కొంచెం వేశాను. మళ్లీ కూర్చున్నాను. కూర్చోవడం కూడా పనేనని నాకు ఆ స్టూలు మీద నమ్మకం కుదిరింది. చివరి ముక్క వేసి, అతుకు మీద కట్టిన నల్లటి పెంకు సుత్తితో రాలగొట్టి, బ్రష్షు పెట్టి తుడిచేసరికి ఇంజనీరు గారు కుర్చీలోంచి లేచారు.

బల్ల మీద పెట్టి ఒక మూల నొక్కారు. చప్పుడు లేదు. నాలుగు మూలలూ నొక్కారు. వెలుతురికి ఎత్తి పట్టుకుని కన్నాలున్నాయేమోనని వెతికారు.

"మొదటిదే ఇలా చేసుండొచ్చుగా అమ్మా?"

"భయమేసి మా పుట్టింటి పని చేసేశానండి."

"అంటే?"

"వల కట్టేశానండి రేకుని."

ఆయనకి అర్థమయిందో లేదో గానీ నవ్వారు. గుమ్మం దగ్గర మేస్త్రి గారు మాత్రం పైకప్పు వదిలేసి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

ఫలితం వచ్చింది. షెడ్డుకి తాళం పడలేదు. గ్లౌజులు మాత్రం ఇప్పటికీ మగవాళ్ల సైజువే ఇస్తున్నారు, వేళ్ల చివర్లు లోపలికి మడిచి కుట్టుకున్నాను. వెల్డరునైన మొదటి వారంలో ఒక బస్సు వచ్చింది, ముదినేపల్లి వైపు తిరిగేది. ఎక్కే మెట్టు ఒక పక్కకి ఒరిగిపోయింది. బ్యాటరీ వైరు తీయించి, తుప్పంతా గీకి, కొత్త పట్టీ వేసి అతికించాను. డ్రైవరు పెద్దాయన. మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టడానికి సందేహిస్తున్నారు.

"ఉంటుందంటావా అమ్మా? దార్లో ఊడితే ఆ తట్టల వాళ్లంతా నా మీద పడతారు."

"రెండో కాలు కూడా పెట్టండి ముందు."

పెట్టారు. ఒళ్లు బరువంతా వేసి పైకీ కిందకీ ఊగారు. కదల్లేదు.

"ఊడిందనుకో?"

"ఊడితే ఇక్కడికే తీసుకురండి. నేనిక్కడే ఉంటానండి."