నీళ్ల గంట

దెయ్యాలను నేనెన్నడూ నమ్మలేదు. మా అమ్మ దిష్టి తీస్తానంటే మిరపకాయలు దండగని కసిరేదాన్ని. ఈ ఒక్కటి మాత్రం నా చెవులతో నేనే విన్నాను.

నిజాంసాగర్ కాలువ కొత్తగా వచ్చిన రోజుల్లో బాన్సువాడలో కాలువ ఒడ్డున సర్కారు తోట వేసి, బురుజు కట్టి, చిన్నా పెద్దా గంటలు వరుసగా వేలాడదీశారు. తాళ్లు లాగితే పాట పలికేది. సాయంత్రాలు దొరలు, దొరసానులు వినడానికి వచ్చేవారు. పెద్ద యుద్ధం మొదలయ్యాక పాట ఆగిపోయి, పెద్ద గంట ఒక్కటే పనిలో మిగిలింది. నీళ్లు వదిలే ముందు అది మోగితే, కాలువలో బట్టలుతికేవాళ్లు, బర్రెలు కడిగేవాళ్లు గట్టెక్కాలి. దాన్ని కొట్టేది మా ఆయనే.

ఆయన జ్వరంతో పోయాడు. గంట కొట్టేవాడి ఇంట్లో చావైతే దినాలయ్యేదాకా దాన్ని మోగించరాదని మా ఊరి కట్టు. మా మరిది బురుజెక్కి, గంట నాలుకకు ఆయన తువ్వాలే చుట్టి ముడేశాడు. అన్నాళ్లూ నీళ్లొస్తే డప్పు కొట్టి చెప్పాలి.

మైలబట్టలు ఉతకడానికి నేనూ, ఆడబిడ్డ సాయవ్వా కాలువలోకి దిగాం. పైనుంచి నీళ్లు వదలడం బందు పెట్టారు. మడుగులో మోకాలి లోతే. మిట్టమధ్యాహ్నం గంట మోగింది. ఒకటి కొట్టి, ఆగి, గబగబా రెండు. అచ్చం ఆయన కొట్టే తీరు.

“సాయవ్వా, గంట కొడుతుండ్రు, పైకి రా!” అని అరుస్తూ గట్టెక్కాను.

“ఏం గంట వదినె? నాకేం ఇనవడలే. అన్న పోయిన సంది నీ మనసు మనసుల లేదు,” అని సాయవ్వ జాలిగా చూసింది.

మళ్లీ మోగింది. నేను చెయ్యి చాచాను.

“గీ ఒక్క చీర పిండి వస్త,” అంది. ఆ చీర నాది.

డప్పు మా వైపు ఇంకా రానే లేదు. నీళ్లొచ్చేశాయి. సాయవ్వ వర్ని వైపు తూము దగ్గర దొరికింది.

మరిది ఏడుస్తూనే బురుజెక్కి చూశాడు. తువ్వాల ముడి వేసింది వేసినట్టే ఉంది. తోటమాలి పొద్దుటి నుంచీ బురుజు కిందే ఉన్నాడట, గంట మోగనే లేదన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు గంటలన్నీ దించి బండ్లలో ఎటో తీసుకుపోయారు.

మొగుడు కాపాడుకున్నాడని ఊళ్లో అందరూ అన్నారు. నాకు మాత్రం ఆయన మీద కోపమే. తల్లి లేని సాయవ్వను చంకనేసుకుని పెంచింది ఆయన. పిలిస్తే ఇద్దరినీ పిలవాలి, లేకుంటే ఇద్దరినీ వదిలేయాలి. నా ఒక్కదానికే ఎందుకు వినబడిందో ఇప్పటికీ నాకు తెలియదు.